రేపు రమ్మనే పడవవాడు

పోయిన వారం చిన్నకోడల్ని మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాం. పాపం, చేతుల్లో లాప్‌టాప్, చంకలో దాని తీగ, మొహం నిండా కోపం. వారం రోజులు ఆ బరువుతో నిలబడటం ఎవరికైనా కష్టమే కాబట్టి, ఇంకా ఆలస్యం చేయకుండా ఆమెను కిందికి దింపుదాం.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు ముక్కలు. ఒక ఇల్లు, రెండు వాటాలు. కింద పెద్దకోడలు, తాళంచెవులకు నకళ్ళు చేసే ఆమె మొగుడు. పైన చిన్నకోడలు, ఎప్పుడూ ఉద్యోగం మీద ఊళ్ళు పట్టుకు తిరిగే ఆమె మొగుడు. చిన్నకోడలు కాలు విరిగి, కట్టుతో మంచాన పడ్డ రోజుల్లో పెద్దకోడలు ఆమెకి ఒక కంప్యూటర్ ఆట కొనిచ్చింది. తను కూడా ఆడితే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని, ఇచ్చేముందు మొగుడి చేత దానికో నకలు తీయించుకుంది. కాలు అతుక్కుంది. తోడికోడళ్ళు అంతకంటే గట్టిగా అతుక్కున్నారు. పెద్దామెది కత్తిరింపులో చెయ్యి తిరిగిన పని, చిన్నామెది మిషన్ ఎంబ్రాయిడరీ. ఇద్దరూ కలిసి కర్టెన్లు, దిండు గలీబుల దుకాణం పెట్టుకుందామనుకున్నారు. ఈ సాయంత్రం దుకాణం గది యజమాని అగ్రిమెంటు పట్టుకుని వస్తాడు. ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

పెద్దకోడలికి ఇది రెండో దుకాణం. మొదటిది టేపక్కతో పెట్టింది. మెడలో టేపు తీయకుండా నిద్ర కూడా పోతుందని ఆవిడకి ఆ పేరు. ఉన్నట్టుండి ఒకనాడు టేపక్క తన కుట్టుమిషన్ బండికెక్కించుకుని, "నీతో నాకు కుదరదు" అని ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోయింది. ఎందుకో చెప్పలేదు. పెద్దకోడలు ఆ ఎందుకుని నెలల తరబడి నమిలింది, మింగుడు పడలేదు. ఇంకెవరితోనూ కలిసి పని చేయనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టించిన మనిషే ఇప్పుడు మెట్లు దిగి వస్తోంది.

కత్తిరింపు బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది. పెద్దకోడలు సుద్దముక్కతో గీత గీస్తోంది. చిన్నకోడలు వచ్చి సరిగ్గా ఆ గుడ్డ మీదే లాప్‌టాప్ పెట్టింది.

"గుడ్డ, గుడ్డ! నలుగుతుంది పిల్లా!"

"నలగనీ. నేను సంతకం పెట్టను."

సుద్దముక్క గీత మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందే?"

"పడవవాడు."

"ఏ పడవవాడు?"

"మనకి ఎంతమంది ఉన్నారేంటి పడవవాళ్ళు?"

ఆట సంగతి తెలియని వాళ్ళు కంగారు పడొద్దు, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నది ఒడ్డున పాడుబడిన ఊరొకటి ఉంటుంది. దాన్ని మనం బాగుచేయాలి. ఆగిపోయిన మర తిప్పాలి, కూలిన వంతెన కట్టాలి, వీధి దీపాలు వెలిగించాలి. అన్నీ అయ్యాక రేవులోకి ఒక పడవవాడు వచ్చి గంట ఇస్తాడు. ఆ గంట గడియార స్తంభానికి కట్టి మోగిస్తే, ఊరు విడిచి పోయిన జనం తిరిగొస్తారు. పెద్దకోడలి ఊళ్ళో గంట ఎప్పుడో మోగింది. జనం వచ్చి, కాపురాలు పెట్టి, నీళ్ళ దగ్గర పోట్లాటలు కూడా మొదలుపెట్టారు. చిన్నకోడలి ఊళ్ళో మాత్రం పడవవాడు రేవులో నిలబడి, టోపీ తీసి, ఎంతో మర్యాదగా "రేపు రా" అంటాడు. రేపు వెళితే మళ్ళీ టోపీ తీస్తాడు. మళ్ళీ "రేపు రా."

"ఇంకా ఇవ్వలేదా వాడు?" అంది పెద్దకోడలు. నవ్వబోయి, అవతలి మొహం చూసి మానుకుంది.

"నువ్వు చెప్పినట్టే చేశానక్కా. మర తిప్పమన్నావు, తిప్పాను. ముసలాయనకి దీపం ఇమ్మన్నావు, ఇచ్చాను. వర్షం పడ్డాక వెళ్ళమన్నావు, గొడుగేసుకుని వెళ్ళాను. అన్నీ చెప్పావు, ఒక్కటి దాచుకున్నావు. వంట నేర్పిస్తూ ఒక దినుసు చెప్పకుండా ఉంటారు చూడు కొందరు, అలాగ."

"నేనా? నీ దగ్గరా?"

"ఎవరి దగ్గరైనా నువ్వంతేనట. చేయి పట్టుకుని అన్నీ నేర్పిస్తావట, అసలు సంగతి మాత్రం నీ కొంగున ముడేసుకుంటావట."

"అట ఏంటి? ఎవరన్నారు?"

"ఎవరో ఎందుకంటారు? నోటికొచ్చింది అన్నాను." చిన్నకోడలు గబగబా లాప్‌టాప్ మూత తెరిచింది. "ఆట విషయం పోనీ. రేపు దుకాణం పెట్టాక ఏ గుడ్డ ఎక్కడ చవకో, ఏ గిరాకీ ఎలాంటిదో, ఏది చెబుతావో ఏది దాస్తావో నాకెలా తెలుస్తుంది?"

పెద్దకోడలికి ఇది ఆట గురించిన గొడవ కాదని అప్పటికి అర్థమైంది. అర్థమైనందువల్ల ఏం చేయాలో మాత్రం తెలియలేదు. ఆమె ఏమీ దాచలేదు. దాచలేదని రుజువు చేయడం ఎలా? దాచినదైతే తీసి చూపించొచ్చు.

"సరే, కూర్చో," అంది చివరికి. "నా ముందు ఆడు. నీ ముందు నేనూ ఆడతాను."

రెండు కంప్యూటర్లూ బల్ల మీద పక్కపక్కన చేరాయి. నీలం గుడ్డ మడత పడింది, ఈసారి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఇద్దరూ వంతెన కట్టిన చోటు నుంచి పాత ఆట తెరిచారు. పెద్దకోడలు ఒక అడుగు వేస్తే చిన్నకోడలు అదే అడుగు వేసింది. ఈమె మరలో గింజలు పోస్తే ఆమె కూడా పోసింది. ఈమె ముసలాయన్ని పలకరిస్తే ఆమె కూడా పలకరించింది. ముసలాయన ఇద్దరికీ ఒకే దగ్గు దగ్గాడు. రెండు ఊళ్ళలోనూ ఒకేసారి వర్షం పడి ఒకేసారి వెలిసింది. చిన్నకోడలు తన తెర కంటే పక్క తెరనే ఎక్కువగా చూస్తోంది, పరీక్షలో తెలివైన పిల్ల పక్కన కూర్చున్నదానిలా.

రేవు వచ్చింది. పెద్దకోడలి పడవవాడు టోపీ తీసి, సంచీ విప్పి, గంట అందించాడు. చిన్నకోడలి పడవవాడు టోపీ తీశాడు.

"రేపు రా."

"చూశావా!" అంది చిన్నకోడలు.

"చూశాను," అంది పెద్దకోడలు. నిజంగానే తెల్లబోయింది. "మరి నేనేం దాచానో కూడా చూసి ఉంటావుగా. చెప్పు."

చిన్నకోడలు అడుగడుగూ కళ్ళారా చూసింది. దాచినదేదీ కనబడలేదు. కనబడకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే దాన్ని పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

"కుర్చీ మారదాం," అంది.

మారారు. చిన్నకోడలి కంప్యూటర్ ముందు పెద్దకోడలు కూర్చుని తన చేత్తో తనే ఆడింది. పడవవాడు ఆమెకూ టోపీ తీసి "రేపు రా" అన్నాడు. పెద్దకోడలి కంప్యూటర్ ముందు కూర్చున్న చిన్నకోడలికి మొదటి మాటకే గంట ఇచ్చేశాడు. ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నీ చెయ్యి కాదు, నా చెయ్యి కాదు," అంది పెద్దకోడలు. "వాడికి నీ పెట్టె అంటే గిట్టట్లేదు."

"నా పెట్టె కొత్తది. నీదే పాతది."

"అదే కదా!"

ఇద్దరికీ తలా తోకా తెలియలేదు. చివరికి చిన్నకోడలు పైకి వెళ్ళి ఆట వచ్చిన అట్టపెట్టె తెచ్చింది. దాని అడుగున కొట్టువాడు అంటించిన చీటీ మీద ఫోన్ నంబరు ఉంది. నంబరు కలిపి, ఫోన్ బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినబడేలా చేసింది.

ఆటల కొట్టాయన సంగతి సగం వినగానే నవ్వేశాడు.

"పడవవాడు రేపు రమ్మంటున్నాడా? అయితే మీది నకలమ్మా."

"నకలైతే అసలు నడవకూడదుగా?" అంది చిన్నకోడలు.

"కొన్ని ఆటలు అలాగే మొరాయిస్తాయి. దీన్ని చేసినవాళ్ళు గడుసువాళ్ళు. నకలని తెలిసినా ఆపరు. ఆడనిస్తారు, ఊరంతా కట్టనిస్తారు, ఆశ పెంచుతారు. చివర్లో పడవవాడి దగ్గర కట్టిపడేస్తారు. ఎక్కించేటప్పుడే డిస్కు మీద ఒక గుర్తు కోసం చూస్తుంది ఆట. ఆ గుర్తు నకల్లోకి రాదు. స్నేహితుల మధ్య చేతులు మారకుండా వాళ్ళు పెట్టిన కిటుకు. నాకు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి పడవవాణ్ణి తిడతారు."

"కానీ నాది అట్టపెట్టెలో వచ్చిందండీ. మీ కొట్టు పెట్టే. బొమ్మ కూడా ఉంది డిస్కు మీద."

"పెట్టె అసలుదేనేమో. డిస్కు కాదు," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. గిరాకీ వచ్చినట్టుంది.

చిన్నకోడలు డిస్కుని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది. నది, వంతెన, స్తంభం, అన్నీ ఉన్నాయి బొమ్మలో.

"అంటే," అంది నెమ్మదిగా, "నకలు నాకు, అసలుది నీకు. పైగా అందమైన పెట్టెలో పెట్టి, రంగు కాగితం చుట్టి ఇచ్చావు. నేను కాలు విరిగి పడుకుని ఏడ్చానక్కా ఆ రోజు. నాకోసం ఒకళ్ళు కొత్త వస్తువు కొనుక్కొచ్చారని ఏడ్చాను."

"చెల్లీ, ఒట్టు. పెట్టె నీకే ఇచ్చాను. నకలు నేనుంచుకున్నాను. నాదే నకలు!"

"నీది నకలైతే నీ గంట ఎలా మోగింది?"

తను అబద్ధం ఆడలేదని పెద్దకోడలికి తెలుసు. కంప్యూటర్ కూడా అబద్ధం ఆడటం లేదు. రెండూ నిజమే ఎలా అవుతాయో బోధపడక, తన మాట మీద తనకే అనుమానం వచ్చే స్థితికి వచ్చింది. ఆ రోజు రంగు కాగితం చుట్టింది తనేనా? చుట్టేముందు పెట్టె తెరిచి చూసిందా? ఎందుకు చూస్తుంది, సొంత మొగుడు చేతికిచ్చిన పెట్టెని?

సరిగ్గా అప్పుడు ఆ సొంత మొగుడే లోపలికి వచ్చాడు. నడుముకి తాళంచెవుల గుత్తి, వేళ్ళకి ఇత్తడి పొడి. సంతకాల వేళకి ఇంట్లో ఉండాలని కొట్టు తొందరగా కట్టేసి వచ్చాడు. వస్తూనే "టీ ఉందా?" అన్నాడు.

"ఏవండీ," అంది పెద్దకోడలు. "ఆ ఆటకి నకలు తీశారే, అసలుది ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడ పెడతాను? భద్రంగా దాచాను."

"దాచారా?"

"అసలుది దాచుకోవాలి, నకలు వాడుకోవాలి. మన కొట్టుకి ఎవరొచ్చినా నేను చెప్పే మొదటి మాట అదే కదా." ఆయన కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "అసలు తాళంచెవి జేబులో వేసుకు తిరిగి పారేసుకుంటే, మళ్ళీ దేన్ని చూసి చేస్తాం? నకలుకి నకలు తీస్తే పళ్ళు అరిగిపోతాయి. అందుకని నకలు అట్టపెట్టెలో పెట్టాను, అమ్మాయి వాడుకోవడానికి. అసలుది నా డబ్బాలో వేశాను. అప్పటికి అది నీ కంప్యూటర్లోనే ఉంది కాబట్టి, తీసేముందు దాంతోనే నీకు ఎక్కించేశాను. ఏం, అరిగిపోయిందా?"

పెద్దకోడలు రెండు చేతులతోనూ తల పట్టుకుంది.

"మరి బొమ్మండీ? డిస్కు మీద బొమ్మ?"

"పక్క ఫొటో స్టూడియోలో వేయించాను." ఆయన మొహం వెలిగిపోయింది. "నకలు నకల్లా కనబడితే ఇంక మన పనితనం ఏముంది?"

ఇంత నిక్కచ్చిగా చేసిన తప్పుని ఎక్కడ పట్టుకుని తిట్టాలో ఎవరికి తెలుస్తుంది? పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడి దగ్గొచ్చింది. చిన్నకోడలు బావగారిని చూసింది, అక్కని చూసింది, చేతిలోని అందమైన అబద్ధాన్ని చూసింది. ఆమె భుజాలు కిందికి జారాయి.

"అక్కా... నేను ఏవేవో అనేశాను."

"అన్నావులే. ముందు ఆయన్ని ఆ డబ్బా తేనీ."

పాత తాళంచెవుల మధ్య, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది అసలు డిస్కు. చిన్నకోడలి లాప్‌టాప్‌లో పెట్టి ఆట మళ్ళీ ఎక్కించారు. తెర మీద గీత చీమలా పాకుతూ పాకుతూ అవతలి కొసకి చేరింది. చిన్నకోడలు రేవుకి నడిచింది. పడవవాడు టోపీ తీశాడు. వాడు సంచీ విప్పి గంట అందించాడు.

చిన్నకోడలు చప్పట్లు కొట్టి పెద్దకోడల్ని కావలించుకుంది. పెద్దకోడలు ఆమె వీపు మీద ఒక్కటి వేసింది, మెల్లగానే. స్తంభానికి గంట కట్టారు. అది మోగడం మొదలుపెట్టింది. గదంతా నిండిపోయింది ఆ చప్పుడు. పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. దుకాణం ఉంది. మనిషి ఉంది. ఇంకేం కావాలి?

"హమ్మయ్య," అన్నాడు తాళాలాయన కూడా, తనదేదో పెద్ద సాయం అయినట్టు. "ఇంక ఆ మూడోదాన్ని కూడా ఇలాగే సరిచేసి ఇచ్చేద్దాం. పాపం, ఆవిడా ఆ రేవులోనే పడిగాపులు కాస్తుంటుంది."

"మూడోదా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమె మెడ చుట్టూ వేసిన చేతులు తీసేసింది.

"అదే, అమ్మాయి అడిగితే ఇంకోటి చేసిచ్చానుగా. తన డిస్కు తెస్తానంది కానీ, అక్కర్లేదు నా దగ్గరుంది అన్నాను. టేపక్క కోసం అనుకుంటా..." ఆయన ఆగి, నాలుక కరుచుకున్నాడు. "అక్కకి చెప్పొద్దన్నావు కదూ అమ్మాయ్? చూడు, పూర్తిగా మర్చిపోయాను."

గంట మోగుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు.

"టేపక్కకా?" అంది పెద్దకోడలు.

"మీ ఇద్దర్నీ మళ్ళీ కలుపుదామనుకున్నానక్కా," చిన్నకోడలి మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. "ఊరికే వెళ్ళి నీ పేరెత్తితే తలుపేసుకుంటుంది. ఆట ఇస్తే ఆ వంకతో మాట్లాడొచ్చని. నువ్వు నాకు చెప్పినవన్నీ నేను ఆవిడకి చెప్పేదాన్ని. ఆవిడకీ అక్కడే ఆగిపోయింది, ఆ పడవవాడి దగ్గరే. ఇద్దరికీ ఒకేచోట ఆగేసరికి... 'చూశావా, అన్నీ చెప్పి ఒక్కటి దాచుకుంటుంది, నాకూ ఇలాగే చేసింది' అంది. నమ్మేశానక్కా. ఎందుకు నమ్మనూ? నా కళ్ళముందే వాడు రేపు రమ్మంటున్నాడుగా!"

"నాకూ ఇలాగే చేసింది అందా?"

"అంది."

"నేనేం దాచాను ఆవిడ దగ్గర?"

"అడిగాను. చెప్పలేదు. మీ అక్కనే అడుగు, దానికి తెలుసు అంది."

పెద్దకోడలు మడతపడ్డ నీలం గుడ్డని అరచేత్తో సాపు చేయడం మొదలుపెట్టింది. సాపు చేసినకొద్దీ మడత ఇంకోచోట లేస్తోంది. ఎవరి మీద కోప్పడాలో ఆమెకు తెలియలేదు. తెలియక నకలు ఇచ్చినవాడి మీదా, మంచి చేయబోయి వెనకాల మంతనాలు నడిపినదాని మీదా, ఎక్కడో కూర్చుని స్నేహితుల మధ్య ఈ మెలిక పెట్టినవాళ్ళ మీదా? వీళ్ళందరి కంటే ఆ ఒక్క మాట ఎక్కువ గుచ్చుకుంది. దానికి తెలుసు. ఏం తెలుసు తనకి? ఆట నకలన్న సంగతి కూడా తెలియనిదానికి ఇంకేం తెలుసు? లేక, నిజంగానే ఏదైనా దాచి, దాచిన సంగతే మర్చిపోయిందా?

"అక్కా, ఏదైనా మాట్లాడు."

వీధి తలుపు చప్పుడైంది. గది యజమాని గడప దగ్గరే చెప్పులు విడుస్తూ, చంకలోని కాగితాలు చేతిలోకి తీసుకుంటూ, నవ్వుమొహంతో లోపలికి తొంగి చూశాడు.

"ఏమ్మా, ఇద్దరూ సిద్ధమేనా? కలం నేనే తెచ్చాను."

తెర మీద ఊరి జనం మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వంతెన దాటి వస్తూనే ఉన్నారు. చిన్నకోడలు అక్క మొహంలోకి చూస్తోంది. తాళాలాయన తన గుత్తిలోని తాళంచెవులను ఒక్కొక్కటే తడుముకుంటున్నాడు.

పెద్దకోడలు గుడ్డ మీంచి చూపు ఎత్తలేదు. ఎంతో మర్యాదగా అంది.

"రేపు రండి."